వెన్నులో తీగ, చేతిలో రిమోట్

(దీర్ఘకాలిక నొప్పితో ఉన్నవారి సమావేశంలో ఒక పేషెంటు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేసింది. తడబాట్లు తప్ప మిగతాదంతా ఆవిడ మాటల్లోనే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. చెయ్యెత్తడం కష్టమైతే గట్టిగా దగ్గండి.

ముందే ఒక మాట. మధ్యలో లేచి నిలబడాలనిపిస్తే నిలబడండి. నడవాలనిపిస్తే గోడ పక్కన నడవండి. పడుకోవాలన్నా వెనక చాప ఉంది, పడుకోండి. ఇక్కడ అదేం అమర్యాద కాదు. నేనూ కాసేపు ఈ కుర్చీలో కూర్చుంటాను, మళ్ళీ లేస్తాను. గంటసేపు కదలకుండా కూర్చోగలిగేవాళ్ళు ఈ గదిలో ఎవరూ ఉండరు, ఆ ముందు వరసలో డాక్టర్లు తప్ప.

నేను డాక్టర్ని కాదు, నర్సునీ కాదు. ఇరవై రెండేళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. తొమ్మిదేళ్ళుగా నా వెన్నులో రెండు తీగలు, కుడి పిర్ర పైభాగాన చర్మం కింద ఒక బ్యాటరీ ఉన్నాయి. స్పైనల్ కార్డ్ స్టిమ్యులేటర్ అంటారు, నొప్పి తగ్గడానికి వెన్నుపాముకి సన్నటి కరెంటు ఇచ్చే మిషన్. ఈ గదిలో అది పెట్టించుకున్నవాళ్ళు ఎంతమంది? ఒకటి, రెండు... ఏడుగురు. పెట్టించుకోమని డాక్టరు చెబితే ఎటూ తేల్చుకోలేక ఉన్నవాళ్ళు? అబ్బో. సరే, ఈ మాటలు ఎక్కువగా మీకోసమే. ఆ ఏడుగురూ మాత్రం నేను తప్పు చెబితే అక్కడికక్కడే ఆపండి.

మీ అందరికీ తెలిసిన ప్రశ్నతో మొదలుపెడతాను. "నొప్పి పదికి ఎంత?"

ఎన్నిసార్లు అడిగి ఉంటారు మిమ్మల్ని? సున్నా అంటే అసలు లేదు, పది అంటే ఊహకి అందే నొప్పుల్లో అన్నిటికంటే పెద్దది. పిల్లలకి పదికి ఇంత అని మార్కులు వేసినదాన్ని నేను. ఏడు వేస్తే ఎందుకు ఏడో చెప్పగలను. ఇక్కడ స్టెప్పు తప్పింది, రెండు పోయాయి. అక్కడ గుణకారం తప్పింది, ఇంకోటి పోయింది. నా కాలికి మార్కు వెయ్యడం మాత్రం నాకు ఎప్పుడూ చేతకాలేదు. మొదటిసారి ఎనిమిది అన్నాను. నడుచుకుంటూ వచ్చి ఎనిమిది అంటోందేమిటి అన్నట్టు చూశారు. ఇంకోచోట ఆరు అన్నాను. అయితే ఫర్వాలేదన్నమాట అని రాసుకున్నారు. దాంతో నాకు తెలివొచ్చింది. ఎదురుగా కూర్చున్న మనిషిని బట్టి అంకె చెప్పడం మొదలుపెట్టాను. నవ్వుతున్నారు. అంటే మీరూ చేశారన్నమాట.

చివరికి ఒక డాక్టరుగారు అంకె అడగలేదు. కాగితం మీద మనిషి బొమ్మ గీసి ఉంది, ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. అది నా చేతికిచ్చి, "టీచర్‌గారూ, ఎంత అని కాదు, ఎలా ఉంటుందో రాయండి. ఎక్కడెక్కడ ఏ రకమో మీ మాటల్లోనే రాయండి" అన్నారు. అప్పుడు నాకు దారి దొరికింది. నొప్పికి మనకి ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? సలుపు, పోటు, తీపు, పీకుడు, లాగుడు, మంట, చురుకు, జివ్వుమనడం, తిమ్మిరి. ఇవన్నీ ఒకటేనా? సలుపు రాత్రి నిద్రపోనివ్వదు. పోటు వస్తుంది, పోతుంది. తీపు ఎక్కువ నడిచిన కాలికి ఉంటుంది, కాస్త పట్టిస్తే హాయిగా ఉంటుంది. జివ్వుమనేది తుంటి దగ్గర బయల్దేరి బొటనవేలి దాకా ఒక్క క్షణంలో పోతుంది. నేను ఆ బొమ్మలో నడుము దగ్గర "పీకుడు, తీపు" అని రాశాను. ఎడమ కాలి పొడుగునా "మంట, జివ్వు" అని రాశాను. పాదం పైన "దుప్పటి అంచు తగిలినా చురుక్కుమంటుంది" అని రాశాను.

ఆయన అది చూసి నడుము చుట్టూ ఒక గీత, కాలి చుట్టూ ఒక గీత గీశారు. "ఇది వేరు, ఇది వేరు. కాల్లోది నరం దెబ్బతిని వచ్చే నొప్పి. నేను చెప్పబోయే మిషన్ ఏదైనా చేస్తే దీనికే ఎక్కువ చేస్తుంది. నడుముకి అంత నమ్మకంగా చెప్పలేను" అన్నారు. ఆ రెండు గీతలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. మీలో ఆలోచిస్తున్నవాళ్ళు ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఇంటికెళ్ళి ఆ బొమ్మ గీసుకోండి. మీ నొప్పిలో మంట ఎంత, పీకుడు ఎంత? అది తెలియకుండా ఈ మిషన్ దాకా పోవద్దు.

నా కథ పెద్దదేం కాదు. డిస్క్ జారింది, ఆపరేషన్ చేశారు. కాలి నొప్పి తగ్గలేదు. రెండోసారి చేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అచ్చం అదే. ఫైలు మీద ఇంగ్లీషులో "ఫెయిల్డ్ బ్యాక్ సర్జరీ సిండ్రోమ్" అని రాశారు, వెన్ను ఆపరేషన్ తర్వాతా నొప్పి మిగిలితే పెట్టే పేరు. అంటే ఏమిటి? ఆపరేషన్ ఫెయిలైందా, నా నడుము ఫెయిలైందా, నేను ఫెయిలయ్యానా? ముప్ఫై ఐదు మార్కులు రాని పిల్లాడి ప్రోగ్రెస్ కార్డులా ఉంది అది. ఈమధ్య ఆ పేరు మార్చి "పర్సిస్టెంట్ స్పైనల్ పెయిన్ సిండ్రోమ్", అంటే వదలని వెన్ను నొప్పి, అంటున్నారు. పేరు మారిస్తే నొప్పి తగ్గదనుకోండి. అయినా నాకు సంతోషమే.

సరే, ఈ మిషన్ ఏం చేస్తుంది? మోచెయ్యి తలుపుకి కొట్టుకుంటే ఏం చేస్తాం? గబగబా రుద్దుకుంటాం. రుద్దితే దెబ్బ మానుతుందా? మానదు. కానీ నొప్పి కాస్త తగ్గినట్టుంటుంది. 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అని ఇద్దరు దీనికి ఒక సిద్ధాంతం చెప్పారు. వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉంటుందట. స్పర్శని మోసే లావు నరాల్లోంచి కబురు ఎక్కువగా వస్తే, నొప్పిని మోసే సన్న నరాల కబురికి ఆ గేటు సగం మూసుకుంటుందట. రెండేళ్ళకే, 1967లో, నార్మన్ షీలీ అనే అమెరికా న్యూరోసర్జన్ ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిపోయిన ఒక మనిషికి వెన్నుపాము మీద ఎలక్ట్రోడ్ పెట్టి కరెంటు ఇచ్చి చూశారు. ఇదంతా అక్కడ మొదలైంది. కరెంటుతో నొప్పి తగ్గించాలనే ఆలోచన ఇంకా పాతది. దాదాపు రెండువేల ఏళ్ళ క్రితం రోములో స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు తలనొప్పికీ, గౌట్ అనే కీళ్ళ నొప్పికీ షాక్ కొట్టే సముద్రపు చేపని వాడమని రాశాడు. నయం, మనకి రిమోట్ ఇచ్చారు.

గేటు కథ పూర్తి కథ కాదని తర్వాత తేలింది. మొదట్లో మిషన్లు సెకనుకి నలభై, యాభై సార్లు కొట్టేవి. అది పనిచేస్తుంటే ఒంట్లో తిమ్మిరి తెలుస్తుంది. ఆ తిమ్మిరి నొప్పిని కప్పేస్తుంది. ఇప్పుడు సెకనుకి పదివేల సార్లు కొట్టేవి ఉన్నాయి, అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది. వాటిలో తిమ్మిరే ఉండదు. గుంపులు గుంపులుగా కొట్టే బర్స్ట్ అని ఇంకోటి ఉంది. వెన్నుపాము తిరిగి ఏం జవాబిస్తోందో కొలిచి తనంతట తనే సర్దుకునేవీ వచ్చాయి. తిమ్మిరి లేకుండా ఎలా తగ్గుతోందని ఆ ముందు వరసలో వాళ్ళని అడగండి. ఒక్కొక్కరూ ఒక్కోటి చెబుతారు.

ఇప్పుడు ట్రయల్ గురించి. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే అన్నిటికంటే ముఖ్యమైన వారం అది. ఇంత పెద్ద వస్తువు ఒంట్లో పెట్టేముందు కొన్నాళ్ళు వాడి చూసే అవకాశం ఎన్ని ఆపరేషన్లకి ఉంటుంది? మోకాలి చిప్ప మార్చేముందు వారం పెట్టి చూడండి అంటారా? మందులకీ, వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీయే కూడా 2020లో డాక్టర్లకి ఉత్తరం రాసింది, ట్రయల్‌లో సరిగ్గా ఉపశమనం వచ్చిందని తేలాకే శాశ్వతంగా పెట్టండని.

బోర్లా పడుకోబెట్టారు. పూర్తి మత్తు ఇవ్వరు, మాట్లాడాలి కదా మనం. నడుము దగ్గర మాత్రం మొద్దుబారేలా ఇంజెక్షన్ చేసి లావు సూది దించి, దాంట్లోంచి తీగ ఎక్కిస్తారు. వెన్నుపాము పొర బయట ఉండే సందులోకి. తీగ చివర ఎనిమిది చిన్న చిన్న లోహపు పట్టీలు. నాకు అలాంటివి రెండు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ పైకి తోస్తారు, ఛాతీ వెన్నుపూసల్లో ఎనిమిది, తొమ్మిది దాకా. కాలి నొప్పికి అంత పైన ఎందుకంటే, కాళ్ళ నుంచి వచ్చే దారులు వెన్నుపాములో అక్కడ దొరుకుతాయట. తలవైపు మిషన్ కంపెనీ తరఫు అమ్మాయి ట్యాబ్లెట్ పట్టుకుని కూర్చుంది. "మేడం, ఇప్పుడు ఎక్కడ తెలుస్తోంది?" పక్కటెముకల్లో. "ఇప్పుడు?" పొట్టలో. డాక్టరుగారు ఒక్క వెంట్రుకవాసి జరిపారు. "ఇప్పుడు?" తొడ. కుడివైపు. "ఎడమకి కదా కావలసింది... ఇప్పుడు?" ఎడమ తొడ, మోకాలు, పిక్క... అక్కడ నేను మాట్లాడటం మానేశాను. "మేడం? మేడం?" అంటోంది ఆ అమ్మాయి. మూడేళ్ళుగా మండుతున్న పాదం మీద ఎవరో తడిగుడ్డ పరిచినట్టుంది. సన్నటి జలజల. దాని కింద మంట ఉంది. ఉంది కానీ దూరంగా ఉంది, పక్కింట్లో రేడియో మోగుతున్నట్టు.

ఇంటికొచ్చాక అంత కవిత్వం ఏమీ లేదు. తీగలు వీపులోంచి బయటికొచ్చి ప్లాస్టర్ కింద ఉంటాయి, బ్యాటరీ నడుముకి కట్టుకోవాలి. స్నానం లేదు. వంగకూడదు, మెలితిరగకూడదు. మొదటి రాత్రి వెల్లకిలా పడుకోగానే తిమ్మిరి రెట్టింపై కాళ్ళు బిగుసుకున్నాయి. మనం పడుకుంటే వెన్నుపాము వెనక్కి జరిగి తీగకి దగ్గరవుతుందట, కరెంటు ఎక్కువ తగులుతుంది. ఆ సంగతి నాకు ముందు చెప్పలేదు. చెప్పారేమో, నాకు గుర్తులేదు. రిమోట్ మీద మైనస్ ఎక్కడుందో చీకట్లో వెతుక్కున్నాను. రెండో రోజు తుమ్మాను. చెప్పక్కర్లేదు కదా ఏడుగురికీ? చూడండి, ఆవిడ తలాడిస్తున్నారు. తుమ్ముకి ఒంట్లో పిడుగు పడ్డట్టుంటుంది. అప్పట్నుంచి తుమ్ము వస్తుంటే ముక్కుకంటే ముందు రిమోట్ పట్టుకునేదాన్ని.

మామూలుగా ట్రయల్ పాసవ్వాలంటే నొప్పి సగానికి తగ్గాలంటారు. యాభై శాతం. మళ్ళీ అంకె! ఎనిమిది నాలుగైతే పాసు, ఐదైతే ఫెయిలా? ఆ వారంలో మనం ఎంత ఆశతో ఉంటామో తెలుసు కదా. ఇంట్లో అందరూ మన మొహమే చూస్తుంటారు. కంపెనీ అమ్మాయి రోజూ ఫోన్ చేసి "ఈ రోజు ఎలా ఉంది మేడం?" అంటుంది, అంత మంచి పిల్లని నిరాశపరచాలనిపించదు. అలాంటప్పుడు మన నోటి నుంచి వచ్చే అంకెని నమ్మవచ్చా? నేనైతే నమ్మలేదు.

అందుకని ట్రయల్‌కి ముందురోజే నోట్‌బుక్‌లో నాలుగు వాక్యాలు రాసుకున్నాను. ఒకటి, నలభై నిమిషాల పీరియడ్ నిలబడి చెప్పగలనా? రెండు, రాత్రి నాలుగు గంటలు ఏకబిగిన నిద్రపోగలనా? మూడు, ఎడమ పాదానికి సాక్సు వేసుకోగలనా? నాలుగు, నేలమీద కూర్చుని లేవగలనా? అంతే. పక్కన తేదీలు, రోజూ టిక్కు లేదా ఇంటూ. పరీక్ష పేపరు పరీక్షకి ముందే తయారవ్వాలి కదా, జవాబులు చూశాక ప్రశ్నలు రాయకూడదు.

వారం చివర చూస్తే సాక్సుకి ఐదు టిక్కులు, నిద్రకి నాలుగు. నిలబడటానికి మూడు, అదీ ఇంట్లో గోడ ముందు నిలబడి పాఠం చెబుతున్నట్టు నటిస్తే. మా అమ్మాయి స్టూడెంటు. నేలమీద కూర్చోవడానికి సున్నా. నడుము పీకుడు కొంచెం కూడా తగ్గలేదు, ఆయన గీసిన గీత ప్రకారమే. ఏడో రోజు ఆ తీగలు లాగేశారు. లాగడం ఏమీ తెలియదు. సాయంత్రానికి మంట మళ్ళీ వచ్చింది. ఆ రాత్రి ఏడ్చాను. మూడేళ్ళుగా అలవాటైన మంటే అది, కొత్తదేం కాదు. అది లేకపోతే ఎలా ఉంటుందో వారం రోజులు చూసి వచ్చాను కదా, అందుకు.

ఒక్క నిమిషం కూర్చుంటాను.

ట్రయల్‌లో తగ్గనివాళ్ళ మాట కూడా చెప్పాలి. నాతోపాటు అదే నెలలో చేయించుకున్న ఒకాయనకి తిమ్మిరి బాగానే వచ్చింది, నొప్పి తగ్గలేదు. తిమ్మిరి పైన, దాని కింద నొప్పి అలాగే. "అదీ పోయిందమ్మా, ఇక నాకేం మిగల్లేదు" అన్నారు. కొండంత ఆశ పెట్టుకుని వెళ్ళారు పాపం. ఆయనకి నేను అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, ఇప్పుడు మీకు చెబుతాను. అది పనిచెయ్యదని వారంలో తెలిసింది. బ్యాటరీ పెట్టించుకున్న ఏడాదికి తెలిసుంటే?

నేను నెలన్నర తర్వాత శాశ్వతంగా పెట్టించుకున్నాను. బ్యాటరీ చోటు గురించి ఒక మాట. మీరు కూర్చున్నప్పుడు బట్టల నడుంపట్టీ ఎక్కడికొస్తుందో, ఏ పక్కకి తిరిగి పడుకుంటారో, కుర్చీ అంచు ఎక్కడ తగులుతుందో ఆపరేషన్‌కి ముందే కూర్చుని, పడుకుని చూసుకుని పెన్నుతో గుర్తు పెట్టించండి. ఆ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు వంగొద్దు, బరువెత్తొద్దు, మెలితిరగొద్దు. తీగ చుట్టూ కండ పట్టేదాకా.

నేను అవన్నీ పాటించాను. నాలుగో నెలలో బీరువా పై అరలోంచి పాత రికార్డు పుస్తకం అందుకున్నాను. చిన్నపాటి పుస్తకం. మర్నాటికి తిమ్మిరి కాలు వదిలి పక్కటెముకల చుట్టూ బెల్టులా పట్టుకుంది. ఎక్స్‌రేలో ఒక తీగ కిందికి జారింది. కాలికి పనిచెయ్యాల్సినది ఇంకెక్కడో పనిచేస్తోంది. రెండు వారాలు ప్రోగ్రామింగ్ మార్చి చూశారు, పదహారు పట్టీల్లో ఏవేవో కలిపి. కుదరలేదు. మళ్ళీ కోశారు.

ఇలాంటివి ఎంతమందికి జరుగుతాయి? ఇక్కడ అంకెలు పనికొస్తాయి. 2007లో వచ్చిన ప్రాసెస్ అనే అధ్యయనం ఉంది. నాలాగే ఆపరేషన్ తర్వాత కాలి నొప్పి మిగిలిన వంద మంది. ఆరు నెలలకి, మిషన్ పెట్టినవాళ్ళలో నూటికి నలభై ఎనిమిది మందికి కాలి నొప్పి సగానికి సగం తగ్గింది. మందులూ మామూలు వైద్యమే ఇచ్చినవాళ్ళలో నూటికి తొమ్మిది మందికి. బాగుంది కదా? అదే అధ్యయనంలో ఏడాది తిరిగేసరికి మిషన్ ఉన్నవాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి దానివల్లే ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. తీగ జారడం, ఇన్ఫెక్షన్, బ్యాటరీ దగ్గర నొప్పి. మీకు మొదటి అంకె చెప్పి రెండోది చెప్పకపోతే అడగండి. అరుదే కానీ వెన్నుపాముకే దెబ్బ తగిలే ప్రమాదం, అక్కడ రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉన్నాయి. సంతకం పెట్టించుకునే కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటాయి అవి. పెద్దగా చదివించుకోండి.

తీయించేసుకున్నవాళ్ళూ తక్కువేం కాదు. నాకు బాగా దగ్గరైన ఒకావిడ ఉన్నారు. మొదటి ఏడాది అద్భుతం అనేవారు. రెండో ఏడు తిమ్మిరి ఉంది కానీ నొప్పి దానికి అలవాటుపడిపోయింది. ప్రోగ్రాములు మార్చారు, మార్చారు, మార్చారు. మూడో ఏడు తీయించేసుకున్నారు. "ఎందుకు పెట్టించుకున్నానా అని బాధగా ఉందా అక్కా?" అని అడిగాను. "లేదమ్మా. నొప్పొకటి, మిషనొకటి, రెండిటికీ సేవ చెయ్యలేకపోయాను. ఇప్పుడు నొప్పొక్కదానికే" అన్నారు. నాకు చాలాసేపు మాట రాలేదు.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచనలో పడేసిన లెక్క చెబుతాను. నెదర్లాండ్స్‌లో సీఆర్‌పీఎస్, అంటే దెబ్బ తగిలాక చేతిలోనో కాలిలోనో వదలకుండా ఉండిపోయే తీవ్రమైన నొప్పి, ఉన్నవాళ్ళ మీద ఒక అధ్యయనం చేశారు. 2000లో మొదటి ఫలితాలు వచ్చాయి. ముప్ఫై ఆరుగురిని మిషన్ వైపు వేశారు, ట్రయల్ బాగున్న ఇరవై నాలుగు మందికి పెట్టారు. ఇంకో పద్దెనిమిది మందికి ఫిజియోథెరపీ మాత్రమే. మొదట్లో మిషన్ వైపు నొప్పి బాగా తగ్గింది. ఐదేళ్ళు గడిచాక చూస్తే? రెండు గుంపుల నొప్పి అంకెల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. లెక్కల టీచరుగా నేను పుస్తకం అక్కడ మూసెయ్యాలి. కానీ మిషన్ ఉన్నవాళ్ళని ఇంకో ప్రశ్న అడిగారు: ఇదే ఫలితం వస్తుందని ముందే తెలిస్తే మళ్ళీ చేయించుకుంటారా? నూటికి తొంభై ఐదు మంది చేయించుకుంటాం అన్నారు.

ఇదెలా కుదురుతుంది? చెప్పండి. అంకెలో తేడా లేదు, వదులుకోవడానికి మనసు ఒప్పుకోదు. వాళ్ళు తమని తాము మోసం చేసుకుంటున్నారా? కావచ్చు. ఇంత కష్టపడి పెట్టించుకున్నదాన్ని దండగ అనడం ఎవరికైనా కష్టమే. లేకపోతే ఆ పదికి ఎంత అన్న ప్రశ్న వాళ్ళ బతుకులో మారినదాన్ని పట్టుకోలేదా? అదీ కావచ్చు. నా సాక్సు ఏ అంకెలో పడుతుంది? నన్ను ఇప్పుడు పదికి ఎంత అంటే ఐదు అంటాను, ఒక్కోరోజు ఆరు. ఎనిమిది నుంచి ఐదు. యాభై శాతం కూడా లేదు, ఫెయిలే. కానీ నేను తిరిగి బడికి వెళ్ళి నాలుగేళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాను, సాక్సు వేసుకుని.

అలాగని రెండోవైపు దాచను. 2022లో నార్వే వాళ్ళు యాభై మందికి మిషన్ పెట్టి, ఒక మూడు నెలలు బర్స్ట్ ఆన్, ఒక మూడు నెలలు ఆఫ్, అలా మార్చి మార్చి చూశారు. ఎప్పుడు ఆన్‌లో ఉందో పేషెంట్లకి తెలియదు. నడుము నొప్పివల్ల పనులకి కలిగే ఇబ్బందిలో ఆన్‌కీ ఆఫ్‌కీ తేడా కనపడలేదు. వాళ్ళు వాడిన సెట్టింగులు సరైనవి కావని కొందరు డాక్టర్లు వాదించారు, ఆ వాదన ఇంకా నడుస్తోంది. తర్వాతి ఏడాది కాక్రేన్ సమీక్ష, అంటే అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి తూచి చూసేది, అది కూడా నడుము నొప్పికి దీన్ని సమర్థించే ఆధారం లేదనే చెప్పింది. నాకిది చదివాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. రెండు ఇంటూలు పడ్డాయి నోట్‌బుక్‌లో.

ఎందుకంటే నాకూ ఒకటి జరిగింది. నాలుగేళ్ళ క్రితం నా ప్రోగ్రాము తిమ్మిరి లేని రకానికి మార్చారు. హాయిగా ఉంది, తుమ్మితే పిడుగుల్లేవు. చార్జింగు మాత్రం మామూలే. నడుముకి బెల్టు కట్టుకుని, బ్యాటరీ మీద చార్జరు సరిగ్గా కూర్చునేదాకా అటూ ఇటూ జరుపుకుంటూ గంటసేపు. అది కాస్త వేడెక్కుతుంది. ఒకసారి ఇంట్లో హడావుడిలో చార్జింగు మర్చిపోయాను. రిమోట్ నొక్కితే తెలిసింది, మిషన్ ఆగిపోయి రెండు రోజులైందట. రెండు రోజులు! నాకు తెలియలేదు. మీకైతే ఏమనిపిస్తుంది? మూడో రోజు మంట లేచింది, నిజమే. కానీ తెలిశాక లేచిందా, తెలియకపోయినా లేచేదా?

ఎంఆర్ఐ, ఎయిర్‌పోర్టు గేట్లు, డ్రైవింగు గురించి చీటీలు రాసి పంపారు. గబగబా చెప్పేస్తాను. ఎంఆర్ఐకి మీ మోడల్ నంబరు కార్డు చూపించాలి, కొన్నిటికి షరతులతో కుదురుతుంది, కొన్నిటికి కుదరదు. గేటు దగ్గరా అదే కార్డు. తిమ్మిరి వచ్చే రకమైతే బండి నడిపేటప్పుడు ఆపెయ్యమంటారు. ఫిజియోథెరపీలో డయాథర్మీ, అంటే తరంగాలతో ఒంటి లోపల వేడి పుట్టించే వైద్యం, మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, తీగ వేడెక్కి లోపల కాలుతుంది. ఇంకే ఆపరేషన్‌కి వెళ్ళినా ముందుగా చెప్పండి.

ఇప్పుడు నా బ్యాటరీ ముసలిదైంది. మొదట్లో వారానికోసారి చార్జింగు చాలేది, ఇప్పుడు రెండు మూడు రోజులకోసారి పెట్టాలి. మార్చాలంటే మళ్ళీ చిన్న ఆపరేషన్. డాక్టరుగారు "మీ ఇష్టం టీచర్‌గారూ" అన్నారు. నా ఇష్టమే అయితే నా లెక్క నేనే చూసుకుంటానన్నాను. ఆయన ఒప్పుకున్నాకే మొదలుపెట్టాను. మీరెవరూ మీ అంతట మీరు చెయ్యకండి, ముఖ్యంగా తిమ్మిరి వచ్చే రకాలు ఉన్నవాళ్ళు.

ఎనిమిది వారాలు. ప్రతి ఆదివారం మా ఆయన వేరే గదిలో నాణెం ఎగరేస్తారు. బొమ్మ పడితే ఆన్, బొరుసు పడితే ఆఫ్. రిమోట్ ఆయన దగ్గరే ఉంటుంది. ఆన్ అయినా ఆఫ్ అయినా చార్జింగు అవే రోజుల్లో, చార్జరు లైట్లు నాకు కనపడకుండా ఆయనే పెడతారు. ఆపాక ప్రభావం వెంటనే పోదు కాబట్టి వారంలో మొదటి మూడు రోజులు లెక్కలోకి రావు. నోట్‌బుక్కు అదే, ప్రశ్నలు అవే నాలుగు. పదికి ఎంత అన్నది రాయడం లేదు.

ఇది ఐదో వారం. ఆన్‌లో ఉన్నానో ఆఫ్‌లో ఉన్నానో నాకు తెలియదు. అదిగో, ఆ చివర నీలం చొక్కా వేసుకున్నది మా ఆయనే. ఇంతసేపూ అటువైపు చూడకుండా మాట్లాడాను, మొహంలో తెలిసిపోతుందని. మీరెవరూ ఆయన్ని అడగొద్దు దయచేసి. గడియారం చూస్తే నలభై రెండు నిమిషాలైంది, మధ్యలో ఒకసారి కూర్చున్నాను. దానికి టిక్కు పెట్టాలో ఇంటూ పెట్టాలో ఇంటికెళ్ళి ఆలోచిస్తాను.

ఇక ప్రశ్నలు అడగండి. ముందు ఆ ఏడుగురిలో ఎవరైనా మాట్లాడితే బాగుంటుంది.